ప్రపంచ రాజ్యం మీద మన ఊళ్ళో చర్చ పెట్టాలంటే

విశ్వపౌరసత్వం, ప్రపంచ రాజ్యం అన్న విషయాల మీద ఊళ్ళల్లో పెట్టే చర్చలు రెండు రకాలుగా చెడిపోతాయి. "అందరం మనుషులమే కదా, ఈ సరిహద్దులెందుకు?" అని ఒకరంటారు, మిగతావాళ్ళు తలలూపుతారు, టీ తాగి ఇళ్ళకు పోతారు. లేదంటే పాకిస్తాన్ మాట వస్తుంది, గొంతులు లేస్తాయి, ఇద్దరు అలిగి లేచిపోతారు. రెండింటిలోనూ ఎవరూ ఆలోచించినట్టు కాదు. వచ్చినవాళ్ళందరూ రెండు గంటలపాటు నిజంగా బుర్రపెట్టేలా ఈ చర్చ నడపొచ్చు. నేను నడిపే పద్ధతి చెబుతాను.

నేను ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్పి రిటైరయ్యాను. సాలూరులో కొన్నాళ్ళు, ఎచ్చెర్ల వైపు కొన్నాళ్ళు, చివరికి విజయనగరం. ఇప్పుడు ఆదివారాలు మా పేట శాఖా గ్రంథాలయంలో కూర్చుంటాం. గ్రూప్-2కి చదువుతున్న పిల్లలొస్తారు, రెవెన్యూలో చేసి రిటైరైన పెద్దలొస్తారు, ఒక టైలర్ వస్తాడు, మనవణ్ణి ట్యూషన్‌లో దింపేసి ఒక మామ్మగారు వచ్చి కూర్చుంటారు. తత్వశాస్త్రం మనకెందుకులే అని మొహమాటపడేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. సరిహద్దు అంటే ఏమిటో ఉత్తరాంధ్ర మనిషికి తెలిసినంతగా పుస్తకాల్లో దొరకదు. కొండెక్కితే ఒడిశా. పొట్ట చేతపట్టుకుని బయల్దేరితే చెన్నై, గుజరాత్, గల్ఫ్. ఆ తెలివిడిని బయటికి తీసుకురావడమే చర్చ నడిపేవాళ్ళ పని. గ్రీకులు, జర్మన్లు తరవాత వస్తారు.

ముందు మూడు ప్రశ్నలు విడదీయండి

బోర్డు మీద ఈ మూడూ పెద్ద అక్షరాలతో రాయండి.

సరిహద్దు అవతలి మనిషికి నేను బాకీ ఉన్నానా?

ఆ మనిషి మన నేల మీద అడుగుపెడితే అతనికి ఏ హక్కులుంటాయి?

ఇవి నెరవేరాలంటే భూమ్మీద అందరికీ కలిపి ఒకే ప్రభుత్వం కావాలా?

మొదటిది నీతి, రెండోది చట్టం, మూడోది రాజ్యం. మొదటిదానికి అవునన్నంత మాత్రాన మూడోదానికి అవునని అనక్కర్లేదు. చర్చ తొంభై పాళ్ళు పాడయ్యేది ఈ మూడింటినీ కలగాపులగం చేయడం వల్లే. అందుకని మొదట్లోనే అందరికీ మూడేసి చీటీలిచ్చి, ప్రతి ప్రశ్నకూ విడివిడిగా "అవును", "కాదు", "తెలీదు" అని రాయించి, మడిచి ఒక డబ్బాలో వేయించండి. పేర్లు వద్దు. ఆ డబ్బా చివరిదాకా తెరవొద్దు.

నేలమీద గీసే వలయాలు

మొదటి ప్రశ్నకు నేను పాతకాలపు గ్రీకు తత్వవేత్తలైన స్టోయిక్కుల దగ్గరికి వెళ్తాను. వాళ్ళకన్నా ముందు క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో డయోజెనిస్ అనే గ్రీకు తత్వవేత్త ఉన్నాడు. నల్లసముద్రం ఒడ్డున ఉన్న సినోపె అతని ఊరు. అక్కణ్ణుంచి అతన్ని వెళ్ళగొట్టారని చెబుతారు. నీదే ఊరని అడిగితే తాను ప్రపంచ పౌరుణ్ణి అన్నాడట. ఇంతవరకు చాలామందికి తెలుసు. కథ ఇక్కడ ఆపేస్తే అది గొప్ప మాటగానే మిగిలిపోతుంది, పని జరగదు. పని జరిగేది క్రీస్తు శకం 2వ శతాబ్దపు స్టోయిక్కు హైరోక్లిస్ దగ్గర. మనిషి చుట్టూ వలయాలుంటాయని ఆయన చెప్పాడు. నడిమధ్య తాను, దాని చుట్టూ అమ్మానాన్నలు, తోబుట్టువులు, ఆలుబిడ్డలు, ఆపైన చుట్టాలు, ఊరివాళ్ళు, పక్క ఊళ్ళవాళ్ళు, దేశం, అన్నిటికీ బయట మనుషులందరూ. బుద్ధిమంతుడు చేయాల్సిన పని బయటి వలయాల్లోని వాళ్ళను ఒక్కో వలయం లోపలికి లాక్కోవడం అన్నాడు.

గ్రంథాలయం నేల మీద సుద్దముక్కతో ఈ వలయాలు గీయండి. కుర్చీలన్నీ గోడకు జరిపి పెద్దగా గీయాలి, మనుషులు లోపలికి నడవగలిగేంత. తరవాత చిన్న అట్టముక్కల మీద మనుషుల్ని రాసి పంచండి. పేర్లు వద్దు, ఇలా చాలు: "అమెరికాలో ఉన్న మేనల్లుడు", "మీ వీధిలో అద్దెకుంటున్న బీహార్ కుర్రాళ్ళు", "సంతలో పసుపు అమ్మే ఒడిశా ఆవిడ", "కరాచీ జాలరి", "ఇంకా పుట్టని మునిమనవడు". ఎవరి ముక్క వాళ్ళు తీసుకెళ్ళి తమకు సరైనదనిపించిన వలయంలో పెట్టాలి.

ఏం జరుగుతుందో చూడండి. సముద్రాల అవతలి మేనల్లుడు రెండో వలయంలో వచ్చి కూర్చుంటాడు. వారం వారం మొహం చూసే పసుపు ఆవిడ దాదాపు చివరి వలయంలో ఉంటుంది. ఎవరూ కావాలని చేయరు, చెయ్యి అలా వెళ్ళిపోతుంది. ఇప్పుడు ప్రశ్న అడగండి: ఈ వలయాల్ని గీసింది దూరమా? దూరం కాదని కళ్ళముందే కనిపిస్తోంది. మరి రక్తమా, భాషా, కులమా, మనకు ఆ మనిషితో ఉన్న అవసరమా? కులం మాట ఎవరో ఒకరు అనేదాకా ఆగండి. మీరు అనకండి. తప్పకుండా వస్తుంది, వచ్చినప్పుడు దాటవేయొద్దు. అద్దె కుర్రాళ్ళను బయటి వలయంలో పెట్టినవాళ్ళు, అదే వీధిలోని తోటి తెలుగువాళ్ళలో ఎవరిని అంతకన్నా బయట పెడతారో వాళ్ళకు తెలుసు. దేశాల సరిహద్దు ఒకటి చెరిపేస్తే చాలు అనుకునే విశ్వమానవుడు ఇక్కడ తడబడతాడు. తడబడటం మంచిదే.

ఆ తరవాత ప్రతి ఒక్కరూ ఒక అట్టముక్కను ఒక్క వలయం లోపలికి జరిపి, అందుకు రేపు సోమవారం నాడు తాము చేసే పని ఒకటి చెప్పాలి. ప్రేమ, సోదరభావం లాంటి మాటలు చెల్లవు. మామ్మగారు "పసుపావిడ దగ్గర బేరమాడ్డం మానేస్తానమ్మా" అన్నారు. వెంటనే గ్రూప్-2 అబ్బాయి ఒకడు, ఆవిడకు ధర తక్కువ రావడం మీ బేరం వల్ల కాదు మామ్మగారూ, మధ్యలో దళారీ ఉన్నాడు, వాణ్ణి ఎవరు ఆపాలి అన్నాడు. మీరు ఎదురుచూడాల్సిన మలుపు ఇదే. ఒంటరి మనిషి మంచితనంతో తీరని బాకీలు కొన్నుంటాయి, వాటికి సంస్థ కావాలి. మొదటి ప్రశ్న నుంచి మూడో ప్రశ్నకు దారి ఇలా వాళ్ళంతట వాళ్ళకే పడుతుంది.

కొఠియాకు అరగంట ఇవ్వండి

ప్రపంచ రాజ్యం అనగానే జనం ఆకాశంలోకి చూస్తారు. నేను సాలూరు కొండల వైపు చూపిస్తాను. అప్పట్లో విజయనగరం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా అయిన సాలూరు మండలం అంచున కొఠియా గ్రామాలున్నాయి. మొత్తం 21. ఇవి మావని ఆంధ్ర అంటుంది, మా కొరాపుట్ జిల్లావని ఒడిశా అంటుంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖ ఏజెన్సీ నుంచి కొరాపుట్‌ను విడదీశారు, గీత సరిగ్గా ఎక్కణ్ణుంచి పోతుందన్న తగువు అక్కణ్ణుంచి మొదలు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకెక్కింది. తేలేదాకా యథాతథ స్థితి అన్నారు. 2021లో మన వాళ్ళు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే కోర్టు ధిక్కారమని ఒడిశా మళ్ళీ కోర్టుకు వెళ్ళింది. ఈ లోపు అక్కడి గిరిజనుల్లో చాలామందికి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్నాయి, రెండు చోట్లా ఓట్లూ ఉన్నాయి.

ఈ సంగతులు ఐదు నిమిషాల్లో చెప్పేసి మూడు జట్లు చేయండి. ఒకటి ఆంధ్ర, ఒకటి ఒడిశా, ఒకటి కొఠియా. ఇక్కడ ఒక నియమం కచ్చితంగా పాటించండి: కొఠియా జట్టు ముందు మాట్లాడాలి. మిగతా రెండు జట్లూ వాళ్ళ మాటకు జవాబు చెప్పాలి. ఈ వరస తిరగబడితే చర్చంతా పటాలు, రికార్డులు, సర్వే రాళ్ళ మీదే నడుస్తుంది. రిటైరైన రెవెన్యూ పెద్దలు ఉంటే మరీను, వాళ్ళ చేతికి అడంగల్ అందిందంటే ఇక వదలరు. అక్కడ బతికే మనిషికి ఏది కావాలన్నది వెనక్కి పోతుంది.

కొఠియా జట్టును ఇలా అడగండి. మీకు రెండు సర్కార్లు ఉండటం వల్ల ఏం లాభం, ఏం నష్టం? ఒకరు రోడ్డు వేస్తే ఇంకొకరు బడి కడతారు, పోటీ పడతారు. కానీ పనిలో లోపం వస్తే ఎవరిని నిలదీయాలి? అటవీ హక్కుల పట్టా ఎవరిచ్చింది చెల్లుతుంది? పిల్ల ఏ భాషలో చదవాలి? ఒక సారి ఆ జట్టులో కూర్చున్న డిగ్రీ అమ్మాయి గట్టిగా అంది, "మేడమ్, మాకు ఏ రాష్ట్రమన్నది తేలకపోయినా ఫర్వాలేదు, ఎవరికి ఫిర్యాదు చెయ్యాలన్నది తేలాలి." ఆ వాక్యం బోర్డు మీద రాసి ఉంచాను. సార్వభౌమత్వం గురించి ఆ అమ్మాయి కనిపెట్టింది చాలా పెద్ద విషయం: ఏలేవాడు ఎవరన్నది ఒక ప్రశ్న, జవాబుదారీ ఎవరన్నది వేరే ప్రశ్న. రాజ్యాలు రెండూ ఒకటేనని మనల్ని నమ్మిస్తాయి.

తరవాత ఒడిశా, ఆంధ్ర జట్లను అడగండి: ఇన్నేళ్ళ తగువు ఉన్నా మీ రెండు రాష్ట్రాలూ ఎందుకు యుద్ధానికి దిగలేదు? మొదట నవ్వుతారు. నవ్వాక ఆలోచిస్తారు. రాజ్యాంగం 131వ అధికరణం ప్రకారం రాష్ట్రాల మధ్య తగువు సుప్రీంకోర్టు వినాలి. నీళ్ళ తగువులకు 262వ అధికరణం, 1956 నాటి అంతర్రాష్ట్ర జలవివాదాల చట్టం ఉన్నాయి. వంశధార నది మీద 2010లో ట్రిబ్యునల్ వేశారు, నేరడి దగ్గర బ్యారేజీకి 2017లో అది అనుమతిచ్చింది. శ్రీకాకుళం రైతుకూ ఒడిశాలోని గజపతి జిల్లా రైతుకూ మధ్య సైన్యం నిలబడలేదంటే, పైన ఒక న్యాయమూర్తి ఉన్నాడు కాబట్టి.

ప్రపంచ రాజ్యం కావాలనేవాళ్ళకు ఇది బలమైన ఉదాహరణ. కానీ వాళ్ళను అక్కడే సంతోషపడనివ్వకండి. పైన న్యాయమూర్తి ఉండీ కొఠియా తగువు తరాలు సాగింది. తీర్పొచ్చిన మర్నాడే వంశధార మీద బ్యారేజీ లేచిపోలేదు. ఒకే దేశంలో, ఒకే రాజ్యాంగం కింద ఇంత ఆలస్యమైతే, వందల దేశాల మీద కూర్చున్న ప్రభుత్వం ఎంత వేగంగా నడుస్తుందో వాళ్ళే చెప్పాలి.

సముద్రం దగ్గర ఒక పట్టిక

2018 నవంబరులో, గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకు వెళ్ళిన బోట్లలో మన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు పాకిస్తాన్ వాళ్ళకు పట్టుబడ్డారు. ఎచ్చెర్ల మండలం వాళ్ళు ఎక్కువ. 2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మందిని అప్పగించారు. ఈ సంఘటన మన పక్క అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే జాగ్రత్తగా వాడాలి. గదిలో ఆ కుటుంబాలవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళను లేపి కథ చెప్పమనకండి. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి.

బోర్డు మీద నిలువుగా రాయండి: జాలరి భార్య, మత్స్యశాఖ ఆఫీసు, కలెక్టరు, ఎంపీ, విదేశాంగ శాఖ, ఇస్లామాబాద్‌లో మన హైకమిషన్, పాకిస్తాన్ ప్రభుత్వం. ప్రతి మెట్టు దగ్గరా ఒకటే అడగండి, ఈ మెట్టుమీద ఉన్నవాళ్ళు పై మెట్టువాళ్ళను ఆదేశించగలరా, లేక అడగగలరా? భార్య కలెక్టర్ని ఆదేశించలేదు, కానీ హైకోర్టుకు వెళ్ళి ఆదేశం తెచ్చుకోగలదు. విదేశాంగ శాఖ మీద కూడా మన కోర్టుకు పిటిషన్ వేయొచ్చు. హైకమిషన్ దాటగానే "ఆదేశం" అన్న గడి ఖాళీ అయిపోతుంది. అక్కణ్ణుంచి అడగడమే.

ఆ ఖాళీ గడిలో ప్రస్తుతం ఏముందో కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమవుతుంది. 2008లో రెండు దేశాలూ కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఒకరి జైళ్ళలో ఉన్న ఇంకొకరి పౌరుల జాబితాలు మార్చుకుంటారు. ఎంత ఉద్రిక్తత ఉన్నా ఆ జాబితాలు మారుతూ వచ్చాయి. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాన్ని రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా ఉండే ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపల వేట నేరాలకు, రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, జైలుశిక్ష వేయకూడదని దాని 73వ అధికరణం చెబుతోంది. సముద్ర చట్టానికి హాంబర్గ్‌లో న్యాయస్థానమూ ఉంది. అయితే దాని మెట్లెక్కాలంటే రాజ్యం కదలాలి, జాలరి భార్య తనంతట తాను వెళ్ళలేదు. పైగా గుజరాత్‌కూ సింధ్‌కూ మధ్య ఉన్న సర్ క్రీక్ అనే పాయ దగ్గర రెండు దేశాల సముద్ర సరిహద్దే ఇంకా తేలలేదు. అంటే చట్టం ఉంది, కోర్టు ఉంది, గుమ్మం మాత్రం ఆమెకు అందేంత ఎత్తులో లేదు.

ఇదే చోట తిత్లీ తుఫాను సంగతి చెబుతాను. 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతంలో తీరం దాటి ఉద్దానం జీడి, కొబ్బరి తోటల్ని ఊడ్చేసిన ఆ తుఫాను పేరు పాకిస్తాన్ ఇచ్చింది. 2014లో వచ్చిన హుద్‌హుద్ పేరు ఒమన్ ఇచ్చింది. ప్రపంచ వాతావరణ సంస్థ కింద ఉత్తర హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న పలు దేశాలు ఒక బృందంగా పేర్ల జాబితా వేసుకున్నాయి, ఢిల్లీలోని కేంద్రం అందరికీ హెచ్చరికలు పంపుతుంది. అక్టోబరులో తుఫాను విషయంలో కలిసి పనిచేసిన రెండు రాజ్యాలు నవంబరులో పేద జాలర్లను పట్టుకుని నెలల తరబడి తేల్చలేకపోయాయి. తేడా ఎక్కడుందో జనాన్ని చెప్పనివ్వండి. తుఫాను హెచ్చరిక పంచుకుంటే ఏ రాజ్యం పరువూ తగ్గదు, ఖైదీని వదిలితే తగ్గుతుందని భయం. ఏ పని ఏ సంస్థకు ఒప్పజెప్పగలం, ఏది ఒప్పజెప్పడం కష్టం అన్నదానికి నాకు ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకలేదు.

ఇప్పుడు కాంట్‌ని పిలవండి

ఇంత అయ్యాక జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ ఎవరికీ బరువనిపించడు. 1795లో శాశ్వత శాంతి మీద ఆయన రాసిన చిన్న పుస్తకంలో మూడు షరతులున్నాయి. ప్రతి రాజ్యమూ గణతంత్రం కావాలి. స్వేచ్ఛగల రాజ్యాలు సమాఖ్యగా ఏర్పడాలి. మూడోది మన రెండో ప్రశ్నకు జవాబు: పరాయి నేల మీద అడుగుపెట్టిన మనిషిని శత్రువులా చూడకూడదు. ఇది దయ కాదు, హక్కు అన్నాడు. అయితే ఆ హక్కు వచ్చి పోయేందుకే, అతిథిగా ఇంట్లో ఉండిపోయేందుకు కాదు. భూమి గుండ్రంగా ఉంది, మనుషులు అంతులేకుండా ఒకరికొకరు దూరంగా పోలేరు, ఎప్పుడో ఒకప్పుడు ఒకరినొకరు భరించాల్సిందే అన్నది ఆయన వాదన. అదే చోట యూరప్ దేశాలు పరాయి దేశాలకు "వెళ్ళడం" అంటే వాటిని జయించడమే అయిందని తిట్టాడు. విజయనగరం కోట చూస్తూ పెరిగినవాళ్ళకు కంపెనీవాళ్ళు ఏ పేరుతో వచ్చి ఎలా స్థిరపడ్డారో వేరే చెప్పక్కర్లేదు.

ప్రపంచమంతటికీ ఒకే ఏలిక అంటే మాత్రం కాంట్ భయపడ్డాడు. ఏలుబడి పెరిగేకొద్దీ చట్టం బలం తగ్గుతుంది, చివరికి ఆత్మలేని నిరంకుశత్వం మిగిలి, అదీ అరాచకంగా మారుతుంది అన్నాడు. ఆయన కళ్ళముందు ఇంకో మనిషి కథ నడిచింది. ఫ్రెంచి విప్లవంలో అనకార్సిస్ క్లూట్స్ మానవజాతి అంతటికీ ఒకే గణతంత్రం కావాలన్నాడు. అదే విప్లవం 1794 మార్చిలో అతన్ని గిలటిన్ ఎక్కించింది.

తరవాతి శతాబ్దాల్ని పరుగున దాటేయండి. 1945లో 51 దేశాలతో ఐక్యరాజ్యసమితి, ఇప్పుడు 193, భద్రతా మండలిలో ఐదు దేశాలకు వీటో. అణుబాంబు చూశాక ఐన్‌స్టీన్ ప్రపంచ ప్రభుత్వం కావాలన్నాడు. 1948లో గ్యారీ డేవిస్ అనే అమెరికన్ పారిస్‌లో తన పౌరసత్వం వదిలేసి తాను ప్రపంచ పౌరుణ్ణని ప్రకటించాడు. ఇవి రెండు నిమిషాలు చాలు.

కోపం వచ్చినప్పుడు

ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు "ఇదంతా దేశభక్తి లేని మాట" అంటారు. అన్నవాళ్ళను చిన్నబుచ్చకండి. ఆ మాట వెనక ప్రేమ ఉంది, ఆ ప్రేమకు జవాబు చెప్పాలి. నేను ఒక కాగితం ముందే సిద్ధం చేసుకుంటాను. ప్రపంచ శాంతికి, భద్రతకు, పద్ధతైన ప్రగతికి స్వేచ్ఛాదేశాల ప్రపంచ సమాఖ్య కావాలని చెప్పే ఒక పేరా అందులో తెలుగులో ఉంటుంది. ఎవరు రాశారో చెప్పకుండా, కోపం వచ్చినవారి చేతే చదివిస్తాను. ఎవరిదై ఉంటుందని అడిగితే ఐక్యరాజ్యసమితి అంటారు, ఎవరో కమ్యూనిస్టులు అంటారు. అది 1942 ఆగస్టు 8న బొంబాయిలో కాంగ్రెస్ చేసిన క్విట్ ఇండియా తీర్మానంలోది. తెల్లవాణ్ణి పొమ్మన్న కాగితంలోనే ప్రపంచ సమాఖ్య అడిగారు. స్వతంత్ర దేశం, ప్రపంచ సమాఖ్య ఒకదానికొకటి శత్రువులని వాళ్ళు అనుకోలేదు. స్వతంత్రం లేకుండా సమాఖ్యలో చేరితే అది సామ్రాజ్యమే అవుతుందని వాళ్ళకు తెలుసు. ఈ కాగితం చదివాక గదిలో వేడి తగ్గడం నేను చూశాను.

విజయనగరంలో గురజాడ మాట రాకుండా ఉండదు, 1910 నాటి ఆయన దేశభక్తి గేయం అందరికీ నోటికొచ్చు. పాడనివ్వండి. పాడాక, దేశం మనుషుల్లో ఉందంటే సాలూరు కొండ అవతలి మనిషి అందులో ఉన్నాడా అని అడిగి ముందుకు పోండి.

ప్రపంచ రాజ్యానికి గట్టి అభ్యంతరాలు

వీటిని మీరే వాదించాలి, ఎవరూ వాదించకపోతే.

మొదటిది పారిపోయే చోటు. మన శ్రీకాకుళం కూలీకి ఒకచోట మేస్త్రీ కూలి ఎగ్గొడితే ఇంకో ఊరు పోతాడు. వలస ఎంత బాధైనా, పోగలగడం అన్నది అతని చేతిలో ఉన్న ఆఖరి బలం. రాజ్యం దగ్గరా అంతే. యూదు రాజకీయ తత్వవేత్త హన్నా ఆరెంట్ 1933లో జర్మనీ వదిలి పారిపోయింది, అమెరికా పౌరసత్వం వచ్చేదాకా ఏళ్ళ తరబడి ఏ దేశానికీ చెందకుండా బతికింది. ఏ దేశమూ లేని మనిషికి ఏ హక్కూ ఉండదని అనుభవంతో రాసింది. అంత అనుభవించిన మనిషి కూడా భూమి మొత్తం మీద ఒకే సార్వభౌమ అధికారం వస్తే అది భయంకరమైన నిరంకుశత్వం అవుతుందంది. ఎందుకంటే దాని నుంచి పారిపోవడానికి ఇంకో నేల ఉండదు. ఈ అభ్యంతరానికి నాకు ఇంతవరకు పూర్తి జవాబు దొరకలేదు, ఎవరైనా దొరికిందంటే ఒక ఆదివారం మొత్తం వాళ్ళకే ఇచ్చేస్తాను.

రెండోది లెక్క. 100 సీట్ల ప్రపంచ పార్లమెంటు వేసి జనాభా ప్రకారం పంచమనండి. భారత్‌కు దాదాపు 18, చైనాకు 17 దాకా, అమెరికాకు 4, పాకిస్తాన్‌కు 3. తెలుగువాళ్ళందరికీ కలిపి 1. నేపాల్‌కు సగం సీటు కూడా రాదు. మనకు 18 అనగానే గదిలో ఉత్సాహం వస్తుంది. రానివ్వండి. తరవాత నేపాల్ మనిషి కుర్చీలో కూర్చోబెట్టి మళ్ళీ అడగండి. అప్పుడు ఇప్పటి ఐక్యరాజ్యసమితి సాధారణ సభ లెక్క చెప్పండి: పదివేలకు అటూ ఇటూ జనాభా ఉన్న పసిఫిక్ ద్వీప దేశం తువాలుకు ఒక ఓటు, మనకూ ఒక ఓటే. ఏది న్యాయం? రెండు సభలు పెట్టి ఒకదాంట్లో జనాభా, ఇంకోదాంట్లో దేశాలు ఉండాలని పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కనిపెడతారు.

మూడోది చిన్నవాళ్ళ గతి. పెద్ద రాజ్యంలో చిన్న జనం అణగిపోతారన్నది మన ఏజెన్సీకి తెలిసిన విషయం. అందుకే రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ ఇచ్చే ఐదో షెడ్యూలు, గిరిజన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం వచ్చాయి. పెద్ద రాజ్యం తన చేతుల్ని తానే కట్టుకునే ఏర్పాట్లివి. ఎంత అమలయ్యాయో సీతంపేట వైపు నుంచి వచ్చినవాళ్ళను అడగండి, మీరు ఊహించి చెప్పకండి. ప్రపంచ రాజ్యం నోటీసు ఏ భాషలో వస్తుందని కూడా అడగండి. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని సవర పిల్లలకు వాళ్ళ భాషలో బడులు పెట్టిన చోటు ఇది. ఆ ప్రశ్న మన పక్క వాళ్ళు అడక్కపోతే ఇంకెవరడుగుతారు?

ముగింపు పని

నడిపేవాళ్ళ అభిప్రాయం చివరి పావుగంటలోనే చెప్పాలి, కానీ చెప్పాలి. పెద్దరికం కోసం తటస్థంగా కూర్చుంటే జనానికి తెలిసిపోతుంది. నా అభిప్రాయం ఇది: భూమికి ఒకే ప్రభుత్వం, ఒకే పోలీసు, ఒకే పన్ను వద్దు. కొన్ని విషయాల్లో మాత్రం ఏ రాజ్యమూ తప్పించుకోలేని న్యాయస్థానం కావాలి. అణ్వాయుధాలు, అంటురోగాలు, సముద్రం, వాతావరణం, పరాయి దేశంలో చిక్కుకున్న మనిషి. ఆ ఐదోదానికి గుమ్మం రాజ్యానికి కాక మనిషికి తెరిచి ఉండాలి. జాలరి భార్య ఒక అర్జీ రాసి తపాలాలో వేస్తే విచారణ మొదలవ్వాలి.

ఇది విన్నాక ఒప్పుకోనివాళ్ళకు నాకన్నా ఎక్కువ సమయం ఇవ్వండి. తరవాత అందరికీ అర ఠావు కాగితమిచ్చి రెండు వాక్యాలు రాయించండి: ప్రపంచ సంస్థకు రేపే ఒప్పజెప్పే అధికారం ఒకటి, ఎన్నటికీ ఒప్పజెప్పని అధికారం ఒకటి. పిల్లలు ఎక్కువగా మొదటిదాంట్లో యుద్ధం ప్రకటించే అధికారం, రెండోదాంట్లో భూమి రాస్తారు. టైలర్ మొదటిదాంట్లో కూలి రేట్లు అని రాశాడు. ఢాకాలో కుట్టేవాడి కూలి పడిపోతే తన మిషను కూడా ఆగుతుందట. దాని మీదే తరవాతి ఆదివారం నడిచింది.

ఇప్పుడు డబ్బా తెరిచి మొదటి చీటీలు లెక్కపెట్టండి. అవే మూడు ప్రశ్నలకు కొత్త చీటీలు రాయించి పక్కన పెట్టి చూడండి. "అవును"లు పెరిగాయా తగ్గాయా అన్నది నేను పట్టించుకోను. మొదటిదానికీ మూడోదానికీ వేర్వేరు జవాబులు రాసినవాళ్ళు ఎంతమంది పెరిగారో అది చూస్తాను. నేల తుడిచి కుర్చీలు సర్దడానికి పదిహేను నిమిషాలు ముందే లేవండి, లైబ్రేరియన్ మళ్ళీ గది ఇవ్వాలి కదా.